మొదటి ఇంజిన్ ఏది?

లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద సొంతంగా ఓ చిన్న మోడల్ ఇంజిన్ చేయాలనుకుంటున్నా, ఇదే మొదటిది. పెట్రోల్ ఇంజిన్ చేద్దామనే ముందు సరదా పడ్డాను. బుర్రుమని సౌండ్ వస్తే ఆ కిక్కే వేరు కదా. కానీ పిస్టన్ పక్క నుంచి గాలి కారకూడదు, స్పార్క్ సరిగ్గా ఆ క్షణానికే పడాలి, పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ మాట వినాలి. స్టార్ట్ కాకపోతే లోపం ఎక్కడో పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. స్టిర్లింగ్ ఇంజిన్‌కి (లోపలి గాలి వేడెక్కి, చల్లబడుతూ తిప్పేది) స్పిరిట్ దీపం వేడి చాలు గానీ, దాని బలం బొత్తిగా తక్కువ. కాస్త రాపిడి ఎక్కువైతే మొరాయిస్తుంది.

చివరికి ఊగే సిలిండర్ ఉండే ఆవిరి ఇంజిన్‌కే ఓటేశాను. దీనికి విడిగా వాల్వు గేరు (ఆవిరి దారుల్ని తెరిచి మూసే ఏర్పాటు) ఉండదు. క్రాంక్ తిరిగే కొద్దీ సిలిండరే అటూ ఇటూ ఊగుతుంది. దాని చదును ముఖంలోని చిన్న రంధ్రం, వెనక నిలువు పలకలోని రెండు రంధ్రాల మీదికి వంతులవారీగా వస్తుంది. ఒకటి ఆవిరి లోపలికి వచ్చేది, రెండోది బయటికి పోయేది. ఆ రెండు ముఖాలూ సందు లేకుండా అతుక్కోవాలి, అసలు పనితనమంతా అక్కడే. బాయిలర్ జోలికి ఇప్పట్లో పోను (ఇంట్లో పిల్లలున్నారు), కంప్రెసర్ గాలితోనే తిప్పుతాను.

శ్రీకాకుళంలో ఉండి ఇత్తడికి కరువేంట్రా అని మావయ్య ఆటపట్టిస్తున్నాడు. మా జిల్లాలోని బుడితి ఊరు ఇత్తడి సామానుకు పెట్టింది పేరే, కానీ అది పోత పని. లేత్‌కి పట్టే రాడ్డు, పలక ముక్కలు విశాఖ నుంచే తెచ్చుకోవాలి. ఆవిరి ఒకవైపే తోస్తుంది కాబట్టి మిగతా సగం చుట్టు లాగడానికి ఫ్లైవీల్ (ఇరుసు మీద తిరిగే చక్రం) బరువుగా ఉండాలి. దాన్ని మాత్రం బుడితిలో పోత పోయించాలనుంది. వచ్చే ఆదివారం వెళ్లి అడుగుతా.