నోరు విప్పని జీ-హెచ్

జర్మన్ నేర్చుకునే నర్సులకు అన్నిటికంటే ముందు టెన్షన్ పెట్టేవి డెర్, డీ, దాస్‌లే, అంటే నామవాచకాల ముందు లింగాన్ని బట్టి మారే మాటలు. నాకు మాత్రం వాటికంటే పదాలతోనే తంటా. రాత్రి చదివింది తెల్లారేసరికి ఎగిరిపోయేది. దానికి మందు ఇంగ్లిష్ స్పెల్లింగుల్లోనే దొరికింది. నైట్, లైట్, రైట్, ఎయిట్, వెయిట్, డాటర్, నైబర్ రాసి చూడండి. అన్నిట్లోనూ ఉలుకూ పలుకూ లేకుండా జీ-హెచ్ కూర్చుని ఉంటుంది.

ఆ జీ-హెచ్ ఉన్నచోట జర్మన్‌లో సీ-హెచ్ వస్తుంది, దాన్ని గట్టిగా పలుకుతారు కూడా. నైట్ నఖ్ట్, లైట్ లిఖ్ట్, ఎయిట్ అఖ్ట్, డాటర్ టోఖ్టర్, నైబర్ నఖ్‌బార్. (తెలుగులో 'ఖ' అని రాస్తున్నాను గానీ అసలు ధ్వని కొన్నిట్లో గొంతు గరగర, కొన్నిట్లో మెత్తని బుస.) మా వార్డు మాటలూ అంతే: నైట్ డ్యూటీ నఖ్ట్‌డీన్స్ట్, పేషెంటు బరువు గెవిఖ్ట్.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లిష్ వాళ్లూ ఇలాగే పలికేవారు. అప్పట్లో నైట్‌ని నిహ్ట్ అని, మధ్యలో ఒక్క హెచ్‌తో రాసేవారు. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక, ఫ్రెంచి రాతకు అలవాటుపడ్డ లేఖకుల చేతుల్లో ఆ హెచ్ మెల్లగా జీ-హెచ్ అయింది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. స్పెల్లింగు అచ్చులో గడ్డకట్టింది, ధ్వని మాత్రం ఆ తర్వాత లండన్ నోళ్లలోంచి జారిపోయింది. స్కాట్లండ్ పాతకాలం యాసలో ఇప్పటికీ నిఖ్ట్ వినిపిస్తుంది. లాఫ్, టఫ్ లాంటి వాటిలో ఆ ధ్వని 'ఫ' అయి బతికింది. లాఫ్‌కి జర్మన్ చుట్టం లాఖెన్.

ఇంకా వెనక్కి వెళ్తే మన ఇంటికే వస్తాం. మా అమ్మమ్మ కార్తీకంలో నక్తాలు ఉండేది: పగలంతా ఉపవాసం, చుక్కలు పొడిచాక భోజనం. ఆ నక్తం, ఈ నఖ్ట్, ఆ నైట్ ఒకే తాతకు మనవలు. అష్ట, అఖ్ట్, ఎయిట్ అంతే. దుహిత, టోఖ్టర్, డాటర్ కూడా అంతే. అమ్మమ్మకు చెప్పుంటే "అయితే వాళ్లూ మనవాళ్లేనటే" అనేది.

నాకు అన్నిటికంటే నచ్చింది కత్తి పట్టే నైట్ (కే-తో మొదలయ్యేది, గుర్రపు వీరుడు) కథ. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు కుర్రాడనీ సేవకుడనీ అర్థం. జర్మన్ క్నెఖ్ట్ ఇప్పటికీ పొలంలో పాలేరుగానే ఉండిపోయాడు. ఇంగ్లండ్ పాలేరు మాత్రం రాజుగారి కొలువులో చేరి, గుర్రమెక్కి, చివరికి సర్ అనిపించుకున్నాడు!

ఈ చిట్కాను కళ్లు మూసుకుని నమ్మొద్దు. డిలైట్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, లైట్‌ని చూసి దానికీ జీ-హెచ్ తగిలించారు. ఘోస్ట్‌లోది మరో రకం. కాక్స్‌టన్ చాలా ఏళ్లు ఫ్లాండర్స్‌లోని బ్రూజ్‌లో ఉన్నాడు, అక్కడి రాత అలవాటే అతని అచ్చు పుస్తకాలతో ఇంగ్లిష్‌లోకి వచ్చిందంటారు. జర్మన్‌లో అది గైస్ట్, సీ-హెచ్ లేనే లేదు. అయినా బీ-వన్ స్థాయి జర్మన్ పరీక్షకు దయ్యాలతో పనేముంది, గెవిఖ్ట్ వస్తే చాలు.