మేత ముందు, గాలం తర్వాత

ఆదివారం, రాత్రి

ఇంట్లో కార్తీకం. చేప అన్న మాట వంటింట్లో వినపడకూడదు. అయినా ఈ వారమంతా సాయంత్రాలు నేను చేసిన పని చేపలకి భోజనాలు పెట్టడమే. తవుడు వేయించిన వాసన పెరట్లోంచి ఇంకా పోలేదని మా ఆవిడ పొద్దున్న కూడా గుర్తు చేసింది. మూకుడు విడిగా కొనుక్కున్నా, పొయ్యి బయటే పెట్టుకున్నా సరే, ఆవిడ లెక్క ఆవిడది.

మా పెదనాన్నగారి అబ్బాయికి ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. వాటిలో ఇంటి వెనకున్న చిన్నది అమ్మకానికి కాదు. పెద్ద చెరువుల్లో పట్టుబడి అయ్యాక మిగిలినవి, ఇంటి వాడకానికని పక్కన పెట్టినవి అందులో వదిలేస్తుంటారు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు, ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తులేని బంగారు తీగలు కొన్ని. వీటికి రోజువారీ మేత లేదు. అన్నయ్యకి బుద్ధి పుట్టినప్పుడు నాలుగు దోసిళ్ళ తవుడు, అంతే. నాకు గాలం వేసుకోవడానికి ఇచ్చింది ఈ చెరువే. పెద్ద చెరువుల్లో గాలం వేసి లాభం లేదు కూడా. అక్కడి చేపకి సంచి తప్ప ఇంకేదీ కళ్ళకి ఆనదు.

మా వైపు వాళ్ళకి ఈ సంచి సంగతి చెప్పక్కర్లేదు గానీ, బయటి ఊళ్ళ వాళ్ళకి వింతగానే ఉంటుంది. ప్లాస్టిక్ సంచికి అడుగున చిల్లులు పెట్టి, నూనె తీసిన తవుడులో వేరుశనగ చెక్కో పత్తి చెక్కో (గింజల నూనె ఆడాక మిగిలే పిప్పి) కలిపి నింపి, చెరువులో పాతిన గెడలకి కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతితో పొడుచుకుంటూ తింటాయి. సంచులు వేళకి ఖాళీ అయితే అంతా బాగున్నట్టు. మేత మిగిలిపోతే నీళ్ళలోనో చేపలోనో ఏదో తేడా వచ్చినట్టు. మేత తెచ్చే దోనె ఇంకా ఒడ్డు వదలకముందే గెడల చుట్టూ నీళ్ళు కదలడం నేను ఎన్నోసార్లు చూశాను. మధ్యాహ్న భోజనం గంట కొట్టకముందే పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడే బడి పిల్లలే.

గాలం గురించి నాకు ఎవరైనా ఏదైనా నేర్పారంటే ఆ గెడలే నేర్పాయి. ఎర ఏమిటన్నది తర్వాత. ఫలానా చోట, ఫలానా వేళకి తిండి పడుతుందని చేపకి తెలియడం ముందు. గాలం వేసేవాళ్ళలో చాలామంది ఎర మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా ముందు మేత మీద పెట్టరు. ఎసెన్సు సీసాలు మారుస్తారు, రంగులు మారుస్తారు, వెళ్ళిన ప్రతిసారీ కూర్చునే చోటూ మారుస్తారు. ఇంక చేప ఎక్కడికని రావాలి?

అందుకని ఈ వారం ఒకే చోటు పట్టుకున్నాను. తూముకి ఎడమ పక్కన, గట్టు వాలు అయిపోయి నేల చదునయ్యే చోట. తూము ఎదురుగా బురద మరీ లోతు, వేసినదంతా అందులో కూరుకుపోతుంది. వేళ కూడా ఒకటే, సాయంత్రం ఐదు. ఆఫీసు నుంచి నేరుగా బండి మీద వెళ్ళి, వేసేసి, పది నిమిషాలు నిలబడి చూసి, వచ్చేయడం. గాలం కర్ర వెంట తీసుకెళ్ళలేదు. తీసుకెళ్తే చెయ్యి ఊరుకోదు.

మేతలో గొప్ప రహస్యాలేమీ లేవు. వేయించిన తవుడు రెండు పాళ్ళు, నానబెట్టిన వేరుశనగ చెక్క ఒక పాలు, ఉడికించిన నూకలు కొన్ని, కాస్త బెల్లం. ఇవన్నీ చెరువు గట్టు బంకమట్టితో కలిపి ఉండలు చేస్తాను. మట్టి ఎందుకంటే, ఉత్త తవుడు నీళ్ళ మీద తేలి గాలికి అవతలి ఒడ్డుకి పోతుంది. మట్టి ఉండ నేరుగా కిందకి దిగి, అక్కడ నెమ్మదిగా విడిపోతుంది. బెంగాలీలు ఈ ముందు మేతని చార్ అంటారు. వాళ్ళు ఆవచెక్క వాడతారు, మసాలాలు కూడా దట్టిస్తారు. మా చేపలు ఐసు పెట్టెల్లో కలకత్తా దాకా వెళ్తాయి గానీ, ఆ మసాలాల విద్య ఇటు పెద్దగా రాలేదు. వచ్చినా మా ఆవిడ పెరట్లోకి రానివ్వదు.

దీనికి తోడు మొక్కజొన్న. కోళ్ళ దాణాకి అమ్ముతారే, ఆ గట్టి గింజ. ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గింజ పగిలేదాకా ఉడికించి, ఆ నీళ్ళలోనే ఉంచేయాలి. రెండో రోజుకి జిగురు వస్తుంది, కొంచెం పులుస్తుంది, అప్పుడే దానికి అసలు వాసన. పచ్చి గింజ మాత్రం వేయకూడదు. ఈ జాతి చేపలకి మనలాంటి జీర్ణాశయం ఉండదు. గొంతులో ఉండే పళ్ళతో నలుపుకుని నేరుగా పేగులోకి పంపుతాయి. నానని గింజ లోపల ఉబ్బితే దాని ప్రాణం మీదకి వస్తుంది. మొక్కజొన్నతో నాకు ఇంకో లాభం, చైనా గొరకల (తిలాపియా చేపల) బెడద తగ్గడం. ఎర్ర, అంటే వానపాము, గుచ్చితే చాలు, గొరకలూ జెల్లలూ నిమిషంలో ఒలిచేస్తాయి. పిండి ముద్ద సంగతీ అంతే. గట్టి గింజని చిన్న నోళ్ళు అంత తేలిగ్గా లాగలేవు.

వారం మధ్యలో మబ్బు పట్టింది, వాయుగుండం అన్నారు. ఆ రెండు సాయంత్రాలూ మేత సగానికి తగ్గించాను. ఎండ లేకపోతే నీళ్ళలో నాచు ప్రాణవాయువు సరిగ్గా చెయ్యదు, తెల్లవారుజాముకి చేప పైకి తేలి నోళ్ళు తెరుస్తుంది. అలాంటప్పుడు తిననిది అడుగున కుళ్ళితే ఉన్న గాలీ పోతుంది. ముందు మేత అంటే ఎంత వేస్తే అంత మంచిదని కొందరి నమ్మకం. చేప కడుపు నింపితే గాలం ఎందుకు ముట్టుకుంటుంది? అక్కడ తిండి దొరుకుతుందని తెలియాలి, కానీ చాలకూడదు. నిన్న సాయంత్రం ఇంకా తగ్గించి, గింజలు గుప్పెడు చల్లి వచ్చేశాను.

ఇవాళ మేనల్లుడు తోడొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, సెలవులకి దిగాడు. వస్తూ వస్తూ ఆన్‌లైన్‌లో తెప్పించిన డబ్బా ఒకటి తెచ్చాడు. తెరవగానే స్ట్రాబెర్రీ వాసన గుప్పుమంది. వాటిని బాయిలీలు అంటారట. పిండీ గుడ్డూ కలిపి ఉండలు చేసి నీళ్ళలో ఉడికిస్తే పైన గట్టి తోలు కడుతుంది, చిన్న చేపలు కొరకలేవు. ఇంగ్లండులో పెద్ద కార్పులకి (మన బంగారు తీగలే) ఇదే వాడతారని వాడు ఫోన్‌లో వీడియోలు చూపించాడు.

"తెల్లారి నాలుగింటికే వెళ్దాం మావయ్యా, వీడియోలో అలాగే చెప్పాడు" అన్నాడు నిన్న రాత్రి.

"ఒరేయ్, ఆ వీడియో ఆయన చేపలకి నాలుగింటికి అని చెప్పుకున్నాడేమో. నేను ఐదింటికి అని చెప్పాను, సాయంత్రం ఐదు" అన్నాను.

పైగా ఈ నెలలో పొద్దున్నపూట నీళ్ళు చల్లబడుతున్నాయి. నీటి వేడి పాతిక, ముప్పై డిగ్రీల మధ్య ఉన్నప్పుడు తిన్నంత జోరుగా ఈ చేపలు చలిలో తినవు. ఇరవైకి దిగిందంటే మేత బాగా తగ్గిపోతుంది. పగలంతా ఎండ కాసిన నీళ్ళే నయం. నూనె ఎక్కువున్న చెక్క కూడా చల్లటి నీళ్ళలో వాసన సరిగ్గా వదలదు, ఇంకో నెల పోతే బెల్లం వంతు పెంచి చెక్క తగ్గించాలి.

మూడింటికి గట్టు మీద కూర్చున్నాం. వాడు నా చోటుకి దూరంగా, గుర్రపు డెక్క పక్కన వేశాడు. నీడలో పెద్ద చేప ఉంటుందని వాడి లెక్క, ఆ లెక్కలో తప్పేం లేదు. నేను గాలం కూడా తీయకుండా ఇంగ్లండు కబుర్లు చెప్పాను. అక్కడ రెడ్‌మైర్ అని ఓ చిన్న చెరువుంది. 1952లో రిచర్డ్ వాకర్ అక్కడ 44 పౌండ్ల కార్పు పట్టాడు, అంటే ఇరవై కిలోలు. దాన్ని లండన్ జూకి ఇస్తే అక్కడ ఏళ్ళ తరబడి బతికింది. ఆయన ఎర ఏమిటి? రొట్టె పెచ్చు, పిండి ముద్ద. 1980లో అదే చెరువులో క్రిస్ యేట్స్ 51 పౌండ్లకి పైగా తూగినది పట్టాడు. ఆయన గాలానికి ఉన్నవి తీపి మొక్కజొన్న గింజలు.

"అంటే స్ట్రాబెర్రీ లేదంటావు" అన్నాడు వాడు, నవ్వాపుకుంటూ.

ఎర విషయంలో వాడితో ఒప్పుకోను గానీ, ముడి విషయంలో మాత్రం వాడిదే పైచేయి. బాయిలీని గాలం ముల్లుకి గుచ్చలేదు. ముల్లు వెనక సన్నటి దారం ముక్క వేలాడదీసి, ఎరని దానికి కట్టాడు. ముల్లు మొత్తం బయటే ఉంది. కార్పు దేన్నైనా ఒక్కసారి మింగదు. లోపలికి పీల్చి, నచ్చకపోతే ఊదేస్తుంది. ఊదేటప్పుడు బయటున్న ముల్లు పెదవికి తగులుకుంటుంది. ఇది కూడా ఇంగ్లండు వాళ్ళదే, లెనీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరి పని. మొదట నిజంగా మనిషి వెంట్రుకతోనే కట్టి చూశారట, అందుకే దానికి హెయిర్ రిగ్ అని పేరు. నేనూ తంగూసు పోగుతో అలాగే కట్టించుకుని, రెండు మొక్కజొన్న గింజలు ఎక్కించాను. ముల్లు పెదవి అంచునే ఉంటుంది గనక తీయడం తేలిక, చేపకి గాయం తక్కువ. కార్తీకంలో పట్టి వదిలేసేవాడికి అంతకన్నా ఏం కావాలి.

నాలుగున్నర దాకా వాడి బెండు ఊగలేదు, నాది నీళ్ళలోనే లేదు. వాడికి టెన్షన్, నాకు నిద్ర. ఐదుకి పది నిమిషాలుందనగా తూము ఎడమ పక్కన బుడగలు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, గుత్తులు గుత్తులుగా. బంగారు తీగ బురద తవ్వుకుంటూ వస్తే అలాగే ఉంటుంది. దాని మూతికి నాలుగు మీసాలుంటాయి, వాటితోనే రుచి చూసుకుంటుంది. చీకట్లోనైనా బురదలోనైనా గింజ ఎక్కడుందో దానికి తెలుస్తుంది. ఒక్క గుప్పెడు గింజలు చల్లి, మధ్యలో గాలం దించాను.

మొదట వచ్చింది మోసు. తర్వాత శీలావతి. దాని తీరే వేరు, బెండుని ముంచదు, వణికిస్తుంది. అంచులు అంచులుగా ఉండే పెదవులతో గింజ మీద పాచి గీకుతున్నట్టు ముట్టుకుంటుంది, ఆ వణుకుకి లాగితే ఖాళీ ముల్లే వస్తుంది. ఆగాలి. బెండు పక్కకి నడవడం మొదలెట్టాకే లాగాలి. చీకటి పడేముందు బంగారు తీగ పడింది. మూడు కిలోలు ఉంటుందేమో, అటూ ఇటూ తిప్పి చేతులు పడిపోయేలా చేసింది. తడిపిన గోనె మీద పడుకోబెట్టి, తడి చేత్తోనే ముల్లు తీసి వదిలాం. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు ఊడిపోయి తర్వాత జబ్బు చేస్తుంది.

అప్పటికి మేనల్లుడు గుర్రపు డెక్కని వదిలేసి నా పక్కకి జరిగాడు. వాడి స్ట్రాబెర్రీ ఉండని నా చోటులోనే వేయించాను. పావుగంట తిరక్కుండా మంచి శీలావతి పట్టాడు. "చూశావా, పనిచేసింది" అని వాడు. పనిచేసింది, కాదనను. అదే ఉండ రెండు గంటలు గుర్రపు డెక్క పక్కన నానింది కూడా. నేను ఆ మాట అంటే వాడు డబ్బా మూత బిగిస్తూ వినపడనట్టు ఊరుకున్నాడు.

ఇంత జరిగినా బొచ్చె ఒక్కటీ ముట్టుకోలేదు. ఉన్నాయని తెలుసు, చెరువు మధ్యలో వీపులు కనపడుతూనే ఉన్నాయి. చెరువు కాపలా బాబాయ్ వెనక నుంచి అంతా చూసి, "మీరు కింద వడ్డిస్తున్నారు బాబూ. బొచ్చె నేల మీద తినదు, పైనే తిరుగుద్ది" అన్నాడు. నిజమే. దాని నోరే పైకి తెరుచుకుని ఉంటుంది, మీసాలు లేవు, నీళ్ళలో తేలే సన్నటి జీవాల్ని వడకట్టుకుని తింటుంది. గింజలు ఎన్ని పోసినా దానికి పట్టదు. బాబాయ్‌కి కార్తీకం పట్టింపు లేదు, ఓ మోసుని సంచిలో వేసుకుని వెళ్ళాడు. సలహా ఇచ్చినందుకు ఫీజన్నమాట.

వచ్చే వారం అదే చోట గెడ ఒకటి పాతి, మూరెడు లోతులో చిన్న గుడ్డ సంచి కడదామనుకుంటున్నాను. లోపల మట్టీ గింజలూ ఉండవు. జల్లించిన తవుడు, మెత్తగా దంచిన చెక్క, పాలపొడి కొంచెం. నీళ్ళలో మబ్బులా విడిపోయి అక్కడే నిలవాలి. గాలం కూడా నేలకి దించను, బెండు పైకి జరిపి ఆ మబ్బులోనే వేలాడేలా కడతాను. ఎర మెత్తటి పిండి ముద్ద. గొరకలు తినేస్తాయి, తిననీ, మళ్ళీ పెడతాను. నేల మేత మాత్రం ఆపను, ఐదు గంటలకి అలవాటు పడ్డ బంగారు తీగల్ని ఎందుకు పోగొట్టుకోవాలి? మిల్లులో చెక్క అయిపోయిందట, రేపు ఉండి ఊరి నుంచి తేవాలి. పాలపొడి సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.