తాడు లేని తాడులాట

మన నాటక శాఖ పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు వ్యాసం పంపమని కమిటీ మిత్రులు కోరగానే, మనకు నటన నేర్పిన మాస్టారి ఉదయపు తరగతి గురించే రాయాలని నిశ్చయించుకున్నాను.

మొదటి సంవత్సరంలో మనమంతా గొంతు సవరించుకొని, చెయ్యెత్తి సంభాషణ ఒప్పజెప్పడమే నటన అనుకునేవాళ్లం. ఒక ఉదయం మాస్టారు మనల్ని రెండు జట్లుగా నిలబెట్టి, లేని తాడును లాగమన్నారు. రెండు జట్లూ గెలుస్తున్నట్టే వెనక్కి నడిచాయి. ‘తాడును మాకు చూపించకండి, లాగండి. అవతలివాళ్ల భుజాలు చూడండి’ అని ఆట ఆపకుండానే ఆయన పక్కనుంచి అందిస్తూ వచ్చారు. కాసేపటికి అవతలి జట్టు మడమలు నేలకు తన్నిపెట్టగానే ఇటు మన మోచేతులు బిగిశాయి, అరచేతుల్లో చెమట పట్టింది. ఎదుటివారి శరీరం నుంచి మన కదలిక పుట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ ఆటల వెనుక ఉన్న అమెరికన్ నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ గురించి ఆయన చెప్పింది తర్వాతే. షికాగోలో వలసవచ్చినవారికి తోడ్పడే సేవాకేంద్రమైన హల్ హౌస్‌లో నీవా బాయ్డ్ అనే అధ్యాపకురాలి దగ్గర ఆటల ద్వారా బోధించడం నేర్చుకున్న ఆమె, 1930ల చివర ప్రభుత్వ ఉపాధి పథకంలో నాటక పర్యవేక్షకురాలిగా పనిచేస్తూ, భాషలూ ఆచారాలూ వేరైన వలస కుటుంబాల పిల్లలకు ఉపన్యాసాలకన్నా ఆట త్వరగా అందుతుందని గ్రహించి, ఒక్కొక్క రంగస్థల సమస్యను ఒక్కొక్క ఆటగా మలిచారు. వాటిని 1963లో పుస్తకంగా ప్రచురించారు. ఆమె కుమారుడు పాల్ సిల్స్ 1959లో మరి ఇద్దరితో కలిసి స్థాపించిన సెకండ్ సిటీ అనే షికాగో హాస్య నాటక బృందం వల్ల ఆశునటన, అంటే ముందుగా రాసుకోని సంభాషణలతో అప్పటికప్పుడు నటించడం, హాస్యంగా ప్రసిద్ధికెక్కింది గాని, దాని అసలు బలం శిక్షణలోనే ఉందని నా దృఢమైన నమ్మకం.

చదువయ్యాక నాకు భద్రాచలం వైపు పాఠశాలల్లో నాటక శిబిరాలు నడిపే పని దొరికింది. కోయ మాట్లాడే పిల్లలూ తెలుగు పిల్లలూ కలిసి కూర్చునే తరగతుల్లో నేను మొదట ఆడించేది అర్థంలేని మాటల ఆటే. ఏ భాషా కాని భాషలో ఒకరు సంతలో బేరమాడితే, మరొకరు చేతులు, చూపు, గొంతు పట్టుకొని జవాబివ్వాలి. అక్కడ తెలుగు బాగా వచ్చినవారికి ప్రత్యేకమైన అనుకూలతేమీ ఉండదు. అందుకే ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ముందుకొస్తారు. అలా వచ్చిన ఒక అమ్మాయి నిరుడు మన శాఖలోనే సీటు తెచ్చుకుంది. కలయికకు వచ్చినప్పుడు ఆమెను మీ అందరికీ పరిచయం చేస్తాను.