టీబీ తగ్గాక కూడా వదలని దగ్గు

టీబీ కోర్సు పూర్తయింది, కళ్ళె పరీక్ష నెగటివ్ వచ్చింది. దగ్గు మాత్రం పోలేదు. పొద్దున్నే పచ్చటి చిక్కటి కళ్ళె, ముసురు పట్టిందంటే జ్వరం, అప్పుడప్పుడు నెత్తుటి జీరలు. ఒక డాక్టర్ ఎక్స్‌రేలో మచ్చ చూసి, కళ్ళె పరీక్షకు పంపకుండానే మళ్ళీ టీబీ మందులు రాశారు. ఇప్పటికీ నాకు కోపమే. టీబీ తగ్గినా ఆ మచ్చ జీవితాంతం ఉండిపోవచ్చు.

సీటీ స్కాన్ తీశాక తెలిసింది, ఇది బ్రాంకియెక్టేసిస్ అని. టీబీ చేసిన గాయంతో ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు సాగి వదులైపోతాయి. కళ్ళె పైకి రాక నిలవుండిపోతుంది, అందులో బాక్టీరియా కాపురం పెడుతుంది, ఆ వాపుతో గొట్టాలు ఇంకా పాడవుతాయి. కళ్ళెలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో నాకు సూడోమోనాస్ అనే బాక్టీరియా వచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలకు లొంగలేదు. ఆసుపత్రిలో చేరి నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించుకోవాల్సి వచ్చింది.

నన్ను నిలబెట్టింది మాత్రం ఫిజియోథెరపిస్ట్ నేర్పిన పద్ధతి. ముందు ఉప్పునీటి నెబ్యులైజర్. తర్వాత నెమ్మదిగా కొన్ని శ్వాసలు, పక్కటెముకలు విచ్చుకునేలా లోతుగా మరికొన్ని, ఆపైన నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు 'హా' అని గట్టిగా వదలడం. అలా చేస్తే గొంతు చీరుకుపోయేలా దగ్గక్కర్లేకుండానే కళ్ళె కదులుతుంది. పండగైనా పెళ్ళైనా రోజూ చేస్తాను.

వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా వాడుతున్నాను. న్యూజిలాండ్‌లో ఈ జబ్బున్న 141 మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. ఆరు నెలలు ఇలా వాడినవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. మొదలుపెట్టే ముందు ఈసీజీ తీశారు, కళ్ళెలో టీబీ జాతికే చెందిన వేరే బాక్టీరియా లేదని చూసుకున్నారు. అది ఉండగా ఈ ఒక్క మందే వాడితే, తర్వాత దానికి ఈ మందు పనిచేయకుండా పోవచ్చు.

ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నాను, రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. జబ్బు పూర్తిగా పోదు, ఆ సంగతి తెలుసు.

బ్రాంకియెక్టేసిస్ ఉన్నవాళ్ళ వివరాలు నమోదు చేసే భారతీయ రిజిస్ట్రీ ఫలితాలు 2019లో వచ్చాయి, అందులో 2,195 మంది వివరాలున్నాయి. వాళ్ళకు ఈ జబ్బు రావడానికి గల కారణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది టీబీయే. అమెరికా 2025లో ఈ జబ్బుకు బ్రెన్సోకాటిబ్‌ అనే మందుకు అనుమతిచ్చింది. అది బాక్టీరియాను చంపదు, తెల్లరక్తకణాల ఎంజైములు గాలిగొట్టాలను తినేయకుండా ఆపుతుంది. టీబీ పాడుచేసిన ఊపిరితిత్తుల్లో ఏ మందు ఎంత పనిచేస్తుందో మన ఆసుపత్రుల్లో, మాలాంటివాళ్ళతోనే పరీక్షించాలి. అలాంటి ట్రయల్ మొదలైతే నా పేరు రాసుకోమని మా డాక్టర్ గారికి ముందే చెప్పి ఉంచాను.