పుచ్చుకునే చెయ్యి

నేను చిత్తూరులో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరినవాళ్ళ దగ్గరికి వెళ్ళి వ్యాయామాలు చేయిస్తుంటాను. గర్వం గురించి, కృప గురించి చాలా ప్రసంగాలు విన్నాను గానీ, నాకు బాగా అర్థమైంది మాత్రం ఈ ఇళ్ళల్లోనే.

మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. రిటైర్డ్ హెడ్మాస్టరు. అందరం సార్ అనే పిలుస్తాం. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా ముందు నిలబడేది ఆయనే. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టారో లెక్కే లేదు. నిజంగా మంచి మనిషి. నిరుడు ఆయనకు కుడి పక్క పడిపోయింది. వేలూరులో చూపించుకొని వచ్చాక నన్ను పిలిపించారు.

కుర్చీలోంచి లేపడంతో మొదలుపెట్టాం. పడిపోయిన పక్క పాదం దానంతటది సరైన చోట నిలవదు. కాబట్టి నేను కింద కూర్చుని, ఆ పాదం పట్టుకుని వెనక్కి జరపబోయాను. సార్ ఎడమ చేత్తో నా చెయ్యి తోసేశారు.

"వద్దమ్మా. నువ్వు నా కాళ్ళు పట్టుకోకూడదు."

"ఇది నా పని సార్."

"పనైనా సరే. ఒకరి చేత కాళ్ళు పట్టించుకునే మనిషిని కాదు నేను."

పక్కనున్న అమ్మగారు, చూశావా ఎంత తగ్గింపో అన్నట్టు నా వైపు చూశారు. నాకు మాత్రం యోహాను సువార్త 13వ అధ్యాయం గుర్తొచ్చింది. యేసు తన శిష్యుల పాదాలు కడుగుతూ వస్తే, వాళ్ళలో ఒకడైన పేతురు కూడా సరిగ్గా ఇదే అన్నాడు, నువ్వెన్నడూ నా పాదాలు కడగకూడదని. వినడానికి ఎంత వినయం! కానీ యేసు దాన్ని మెచ్చుకోలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అన్నాడు, అంటే నాలో నీకు భాగం లేదని. ఆ అధ్యాయం మీద మనం ఎప్పుడూ చెప్పుకునేది ఇతరుల పాదాలు కడగడం గురించే. అదీ అవసరమే, యేసే చెప్పాడు. కానీ కడిగించుకోవడం గురించి ఎంతమంది మాట్లాడతారు? ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. జీవితమంతా ఇస్తూ వచ్చిన మంచివాళ్ళకు చెయ్యి కిందికి పెట్టడం మహా కష్టం. కృప ఆ చేతిలోకే వస్తుంది. ఇంకో దారి లేదు.

మా ప్రాంతపు పాత క్రైస్తవ కుటుంబాల్లో ఈ బాధ ఇంకాస్త ఎక్కువని నా అభిప్రాయం. అమెరికన్ మిషనరీలైన స్కడర్ సోదరులు 1853లో మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ నాటి నుంచి మేము విశ్వాసులమని చెప్పుకునేవాళ్ళం ఉన్నాం. ముత్తాత బాప్తిస్మాన్ని కూడా మన ఆస్తిలాగే చెప్పుకుంటాం. "నీకు కలిగినవాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని అపొస్తలుడు పౌలు కొరింథు సంఘంవాళ్ళను అడిగిన ప్రశ్న మనల్నీ అడిగినట్టే.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. సార్‌ని చూడడానికి వచ్చినవాళ్ళలో కొందరు, గర్వం అణచడానికే దేవుడు కొట్టాడని వసారాలో నిలబడి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు ప్రభువు. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి, అతిగా హెచ్చిపోకుండా అది తనకు ఇవ్వబడిందని రాశాడు. నిజమే. అది తన గురించి తాను చెప్పుకున్న మాట. మంచాన పడ్డ పక్కింటివాడి గురించి చెప్పింది కాదు. మూడుసార్లు వేడుకున్న పౌలుకి వచ్చిన జవాబు, "నా కృప నీకు చాలును." రోగి గుమ్మంలో నిలబడి పలకాల్సిన మాట ఏదైనా ఉంటే అదీ.

లేచి నిలబడడం గురించి కూడా చెప్పాలి. పేషెంట్లు పడతామేమోనన్న టెన్షన్‌తో వెనక్కి వాలి, బాగున్న చేత్తో కుర్చీని నెట్టి లేవాలని చూస్తారు. లేవలేరు. తల, ఛాతీ బాగా ముందుకు, పాదాల మీదికి వంగాలి. అప్పుడే పిరుదులు పైకి లేస్తాయి. "తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అన్న వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ కదలికే కళ్ళముందు ఆడుతుంది.

కొన్నాళ్ళకు సార్ నన్ను పాదం పట్టుకోనిచ్చారు. తను ఫీజు కట్టి చదివించిన శిష్యుడు వచ్చి స్నానం చేయిస్తే కూడా సరేనన్నారు. అక్కడ ఏదో బాకీ తీరుతున్న లెక్క ఉంది కాబట్టి అది కాస్త సులువే. అసలు కష్టం ఇంకొకడి దగ్గర వచ్చింది. ఒకప్పుడు సార్ మాట మీద యూత్ కమిటీ నుంచి తీసేసిన అబ్బాయి సాయంత్రాలు రావడం మొదలుపెట్టాడు, నడిపించడానికి. వాడికి సార్ చేసిన మేలేమీ లేదు. మొదట్లో సార్ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవారు. వాడు వరండాలో కాసేపు కూర్చుని ప్రార్థన చేసుకుని వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు.

పోయిన వారం నేను సామాన్లు సర్దుకుంటుంటే సార్ అడిగారు, "అమ్మా, నన్ను లేపే పద్ధతేదో ఆ పిల్లోడికి కూడా నేర్పిస్తావా?"

నేర్పించాను. ముందు పాదం సర్దు. పడిపోయిన పక్కనే నిలబడు. ఆ చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు, భుజం జారిపోతుంది. నడుం దగ్గర పట్టుకో. ఆయన ముందుకు వంగేదాకా ఆగు, తొందరపెట్టకు.