షాబ్లీ తోటలో ఒక సాయంత్రం
ఫ్రాన్స్‌లోని షాబ్లీలో ఒక కుటుంబం తరతరాలుగా సాగుచేస్తున్న ద్రాక్షతోటను గత వారం చూశాను. అక్కడి వైన్‌ను షార్డనే ద్రాక్షతో మాత్రమే చేయాలన్నది నియమం. ఇంటి పెద్దావిడ నా చేతిలో పెట్టిన సున్నపురాయి ముక్కలో చిన్నచిన్న ఆల్చిప్పల శిలాజాలు కనిపించాయి; సుమారు 15 కోట్ల ఏళ్ల క్రితం ఆ నేల సముద్రగర్భం.

చలి వల్ల కాయ నిదానంగా పండి పులుపును నిలుపుకుంటుంది. అదే చలి ఏప్రిల్‌లో మంచుగా దిగితే లేత చిగుళ్లు మాడిపోతాయి కనుక, రాత్రంతా తోటలో మైనపు దివ్వెలు వెలిగించడమో, తీగలపై నీళ్లు చల్లుతూ చిగురు చుట్టూ మంచుగడ్డ కట్టనివ్వడమో చేస్తారు. గడ్డకట్టే నీరు విడిచే వేడే చిగురును కాపాడుతుందట. బడిలో బట్టీపట్టిన గుప్తోష్ణం నాకు అక్కడ అర్థమైంది! పంటను బాగా దెబ్బతీసిన 2021 ఏప్రిల్ మంచు గురించి మాత్రం ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు.

గ్లాసులోని ప్రీమియే క్రూ (మేలైన తోటల పంటతో చేసే షాబ్లీ వైన్) స్టీలు తొట్టెలో పులిసినది కాబట్టి ఓక్ చెక్క వాసన లేదు. నిమ్మతొక్క, తడిరాయి పరిమళం, ఆపైన మామిడి పిందె కొరికినంత పులుపు. షార్డనే అంటే వెన్న రుచేనని ఇన్నాళ్లూ దూరం పెట్టిన నేను, ధర నా జేబుకు మించినదైనా, రెండు సీసాలు కొన్నాను.