ఎనిమిదో చిక్కుడాకు

నిరుడు రథసప్తమికి శ్రీకాకుళంలోనే ఉన్న మా బంధువుల ఇంటికి వెళ్లాను. అక్కడి నుంచి అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి నడిచి వెళ్లవచ్చు. తలపై జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని స్నానాలు చేశారు, ఎర్రచందనం తీశారు, తులసికోట దగ్గర చిక్కుడుకాయల రథం కట్టారు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. తీరా నైవేద్యం వేళకు ఫ్రిజ్ లోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, అందులోని పాయసాన్ని వెండి గిన్నెలోకి వంచి స్వామికి చూపించారు. డబ్బా మీద ధర చీటీ అలాగే ఉంది. నా చూపు ఎటు పోయిందో గమనించిన ఆ ఇంటి కోడలు, "వండే తీరిక ఎక్కడిది పిన్నీ, దేవుడికి భావం ముఖ్యం కదా" అంది. పండుగ పూట పెద్దరికం చూపడం ఎందుకని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు.

భావమే ముఖ్యమన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ భావం నైవేద్యం గిన్నె చుట్టూ నీళ్లు తిప్పేటప్పుడు పుడుతుందా, పొయ్యి వెలిగించేటప్పుడు పుడుతుందా అన్నదే నా ప్రశ్న. భగవద్గీత మూడో అధ్యాయంలోని 13వ శ్లోకం మనందరికీ కంఠస్థమే. "భుంజతే తే త్వఘం పాపా యే పచంత్యాత్మకారణాత్" అంటే తమ కోసమే వండుకునే పాపులు పాపాన్నే తింటారు అన్న రెండో పంక్తిని చదివేటప్పుడు మన దృష్టి పాపం అన్న మాట మీద పడినంతగా పచంతి అన్న క్రియ మీద పడదు. తమ కోసం తినేవారు అనలేదు పరమాత్మ, తమ కోసం వండేవారు అన్నాడు. అంటే ఆ అన్నం ప్రసాదమా, పాపమా అన్నది విస్తరి ముందు తేలే విషయం కాదు. బియ్యం కడిగే చేతుల వెనుక ఎవరు తలపులో ఉన్నారన్న దాన్నిబట్టి పొయ్యి దగ్గరే తేలిపోతుంది. కొనితెచ్చిన పాయసం రుచిగా ఉండవచ్చు, శుభ్రంగానూ ఉండవచ్చు. కానీ అది ఉడికేటప్పుడు దాని దగ్గర మన తలపు లేదు, సూర్యనారాయణమూర్తి తలపూ లేదు.

ఇదే మాట ఋగ్వేదంలో పదో మండలం 117వ సూక్తంలో మరో విధంగా ఉంది. "నార్యమణం పుష్యతి నో సఖాయం కేవలాఘో భవతి కేవలాదీ." ఒంటరిగా తినేవాడు ఒంటరిగా పాపాన్నే మూటగట్టుకుంటాడన్న చివరి ముక్కను అందరూ ఉదాహరిస్తారు. నాకు మాత్రం దాని ముందున్న ముక్క మీదనే మక్కువ ఎక్కువ. అలాంటివాడు అర్యముణ్ణి పోషించడు, స్నేహితుణ్ణీ పోషించడు అంటున్నాడు ఋషి. అర్యముడు ఎవరు? ద్వాదశాదిత్యులలో, అంటే సూర్యుని పన్నెండు రూపాలలో ఒకడు. మహాభారతం అరణ్యపర్వంలో పాండవుల పురోహితుడు ధౌమ్యుడు ధర్మరాజుకు ఉపదేశించిన సూర్యుని నూట ఎనిమిది నామాలు ఎలా మొదలవుతాయో గుర్తు చేసుకోండి. "సూర్యోఽర్యమా భగస్త్వష్టా" అని రెండో నామమే అర్యముడు. ఇక స్నేహితుడంటారా, సూర్య నమస్కారాలలో మొదటి మంత్రం "మిత్రాయ నమః" కాదా? ఆకాశంలో ఉన్న ఆదిత్యుణ్ణి, గుమ్మంలో నిలబడిన నేస్తాన్ని వేదం ఒకే పాదంలో పక్కపక్కన కూర్చోబెట్టింది. ఒకరికి పెట్టి మరొకరికి పెట్టకపోతే ఆ పాదం సగమే చదివినట్టు.

ఆ నామాలతో స్తుతించినందుకు భాస్కరుడు ధర్మరాజుకు ఇచ్చింది రాజ్యమూ కాదు, అస్త్రమూ కాదు, ఒక వంటపాత్ర. అందులో అన్నం తరగనిది ద్రౌపది భోజనం చేసేవరకే. వండినామె తిన్నదంటే ఆనాటికి ఆ పాత్ర పని ముగిసినట్టే. అంతమంది బ్రాహ్మణులకు, అతిథులకు సరిపోయిన పాత్రకు ఆ నియమం ఎందుకు పెట్టాడా అని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఇంటి ఆడవాళ్లు ఆఖరున తినాలని దీనికి అర్థం చెప్పేవారంటే నాకు ఒళ్లు మంట. నాకు తోచిన అర్థం వేరు. తన కోసం కాక వండినంతసేపూ అది అక్షయమే, తన కోసమన్న తలపు వచ్చిన చోట దానికి అడుగు కనిపిస్తుంది. గీత చెప్పిన "ఆత్మకారణాత్" అన్న మాటే అక్కడ పాత్ర రూపంలో ఉంది.

అందుకే రథసప్తమి నాటి పరమాన్నం ఎవరింట్లో వారే వండాలని నేను ఇంత పట్టుబడుతున్నాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు. సంక్రాంతికి ఇంటికి వచ్చిన కొత్త బియ్యం ఒక గ్లాసుడు తీసుకుని, కడిగి, అరగంట నాననివ్వాలి. ధనుర్మాసంలో పెట్టిన గొబ్బెమ్మలను పిడకలు చేసి ఎండబెట్టి దాచుకున్నవారు వాటినే తులసికోట ఎదుట, ఎండ పడే చోట పేర్చి కర్పూరంతో వెలిగించాలి. ఇత్తడి గిన్నెలో ఆరు గ్లాసుల ఆవుపాలు పోసి తూర్పు ముఖంగా పొంగనివ్వాలి. పొంగిన తరువాతే బియ్యం వేయాలి. పిడక సెగ నిదానమైనది, గ్యాసు మంటలాగా అడుగంటించదు, కాకపోతే పొగకు కళ్లు మండుతాయి. కొత్త బియ్యం తొందరగా మెత్తబడి పాలను తనలోకి లాక్కుంటుంది కాబట్టి చెరకు ముక్కతో కలుపుతూనే ఉండాలి. మెతుకును రెండు వేళ్ల మధ్య నలిపితే పలుకు లేకుండా వెన్నలా జారిపోవాలి. అప్పుడు గిన్నె దించి, కాస్త సెగ తగ్గనిచ్చి, వేరుగా కరిగించి వడగట్టిన గ్లాసున్నర బెల్లం కలిపి, నాలుగు ఏలకులు దంచి వేసి, చెంచాడు నెయ్యి వదలాలి. పలాస మన జిల్లాదే అయినా మా అమ్మ ఈ పరమాన్నంలో జీడిపప్పు వేసేది కాదు. ఏలకులు, నెయ్యి తప్ప పాలు, బియ్యం, బెల్లం అన్న మూడింటి మధ్యకి మరొకటి రాకూడదనేది.

గిన్నె దించాకే బెల్లం వేయాలని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, పెళ్లయిన తొలి ఏడాది అత్తవారింట నేను తొందరపడి కుతకుత ఉడుకుతున్న పాలలోనే బెల్లం గుమ్మరించాను. బెల్లంలో పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలను అది విరిచేస్తుంది. చూస్తుండగానే గిన్నెలో తెల్లటి పలుకులు, పసుపచ్చటి నీళ్లు వేరైపోయాయి. పండుగ పూట అపశకునమని నేను ఏడుపు మొదలుపెడితే మా అత్తగారు వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, "ఇరిగితే ఇరిగినాయి, ఏడవకు, మల్లీ పాలు పెట్టు" అని, విరిగినదాన్ని కోవాలా దగ్గరకు వేయించి పిల్లల చేతుల్లో పెట్టారు. ఆ రోజు నైవేద్యానికి పొద్దు బాగా ఎక్కింది. సూర్యుడు ఏమీ అనుకోలేదు, పైగా ఎండ నేరుగా గిన్నెలోనే పడింది.

అపార్టుమెంట్లలో ఉన్నవారికి పిడకలూ తులసికోటా ఎక్కడివని అడుగుతారు. బాల్కనీలో ఎండ పడుతుంది కదా, గ్యాసు పొయ్యి సన్నని సెగ మీద పెట్టండి. అదీ కుదరనివారు అటుకులు కడిగి, కాచి చల్లార్చిన పాలు, బెల్లపు కోరు కలిపి పెట్టండి. నానిన పెసరపప్పు గుప్పెడు పెట్టినా చాలు. పరగడుపున వండండి, రుచి చూడకుండా వండండి, ఫోటో తరువాత తీసుకోండి. అరసవల్లిలో ఇంద్ర పుష్కరిణి దగ్గర పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు పిడకలు పేర్చుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ క్షీరాన్నం వండుతారు. గుడిలో దర్శనం ఆలస్యమైతే అక్కడ పది నిమిషాలు నిలబడి చూడండి, అదీ దర్శనమే.

వండినదాన్ని ఏడు చిక్కుడాకుల్లో పెడతాం. ఆకు వెనుకవైపు నూగు ఉంటుంది కాబట్టి నున్నని వైపు పైకి రావాలి. వేడి పరమాన్నం పడగానే ఆకు రంగు మారి వాడుతుంది, పచ్చి చిక్కుడు వాసన, బెల్లం వాసన, పిడక పొగ వాసన కలిసి లేస్తాయి. ఆ వాసనను ఏ డబ్బాలోనూ అమ్మలేరు. మా అమ్మ పాదు నుంచి ఎప్పుడూ ఎనిమిది ఆకులు తెంపేది. ఏడు స్వామివి, ఎనిమిదోది ఎవరిదని అడిగితే, "వచ్చినవాళ్లది" అనేది. అమ్మకు ఋగ్వేదం తెలియదు. ఇప్పుడు నేనూ ఎనిమిది తెంపుతున్నాను. ఈ ఏడాది పాలు పోసే ఆయన సైకిలు దిగకుండానే చెయ్యి చాచి ఆ ఆకు అందుకుని, ఒంటికాలు నేల మీద మోపి, నాలుగు వేళ్లతో ఊడ్చుకుని తిని, ఆకు మడిచి బుట్టలో వేసుకుని, "ఇంకో గరిటుందా అమ్మా" అని అడిగాడు.